తలుపు లేని ఇంటికి అంటించిన సమన్లు

కోర్టు ఉద్యోగం అనగానే జనానికి నల్లకోటు, ఎత్తు కుర్చీ గుర్తుకొస్తాయి. నేను ఆ రెండింటికీ దూరంగా, గురజాల మునసబు కోర్టులో సమన్లు పట్టుకుని ఊళ్ళు తిరిగే ప్రాసెస్ సర్వర్‌గా పనిచేశాను. ఎవరి మీదైనా దావా పడితే, ఫలానా రోజు కోర్టుకు రావాలన్న కాగితం ఆ మనిషి చేతికిచ్చి, వెనక సంతకమో వేలిముద్రో వేయించుకుని, ఎలా ఇచ్చానో రిపోర్టు రాసి దాఖలు చేయడం నా పని. నా సర్వీసు మొత్తంలో నన్ను చూసి సంతోషించినవాడు ఒక్కడూ లేడు. కొన్ని ఊళ్ళలో కుక్కలు కూడా నా సైకిలు బెల్లు గుర్తుపట్టి మొరిగేవి.

ఈ మధ్య మా సంఘంలో ఒక అమ్మాయికి ఇదే ఉద్యోగం వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరకొచ్చి, "తాతయ్యా, కోర్టులో చేస్తా క్రైస్తవురాలిగా నీతిగా బతకడం కుదురుద్దా?" అని అడిగింది. కుదురుతుంది గానీ కాళ్ళు నొప్పి పెడతాయన్నాను. తాతయ్య జోకేశాడనుకుని నవ్వి వెళ్ళిపోయింది. నేను జోకు వేయలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మస్తాన్ కొట్టు

ఎనభైల మొదట్లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు పని నేర్పినవాడు కోటయ్యన్న. నాకన్నా పదేళ్ళు పెద్ద. మంచివాడు, ఎవరికి కష్టమొచ్చినా ముందుండేవాడు. పని చేయడం తప్ప అన్నీ వచ్చినవాడు.

రూలు ప్రకారం సమన్లు మనిషి చేతికే ఇవ్వాలి. ఆ మనిషి దొరక్కపోయినా, తీసుకోనన్నా, కాగితాన్ని ఇంటి తలుపుకు అంటించి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించుకుని రావచ్చు. ఈ రెండో వాక్యమే కోటయ్యన్నను చెడగొట్టింది, ఆయన ద్వారా నన్నూ చెడగొట్టింది.

"ఆ ఎర్రబస్సెక్కి దుమ్ములో పడి పోతే ఆడెట్టాగూ ఉండడు రా తమ్ముడూ. ఉండనోడి కోసం పొయ్యేదేంది?" అనేవాడు.

అందువల్ల మేం గురజాల బస్టాండు పక్కన మస్తాన్ టీ కొట్టులో కూర్చునేవాళ్ళం. 'ప్రతివాది ఇంట లేనందున సమన్లు ఇంటి తలుపునకు అంటించితిని' అని రాసేవాళ్ళం. సాక్షులు మస్తాన్, పక్కనున్న సైకిల్ షాపాయన. ఆ ఇద్దరూ బస్టాండు దాటకుండానే ఒకే పూట వెల్దుర్తి వైపూ పిడుగురాళ్ల వైపూ సాక్షులుగా నిలబడేవాళ్ళు. ప్రతివాదికి చేరాల్సిన కాగితం మస్తాన్ పొయ్యిలోకి పోయేది.

మా రిపోర్టులు చూసే పై అధికారి నాజరు వెంకటప్పయ్య గారు. దస్తూరి బాగుండాలి, తేదీ ఉండాలి, రెండు సంతకాలుండాలి. ఇవి ఉంటే రిపోర్టు నిజమా కాదా అన్న ప్రశ్న ఆయన బుర్రలోకి వచ్చేది కాదు. లంచం తీసుకోని మనిషి, సాయంత్రం ఐదు దాటితే ఫైలు ముట్టుకోని మనిషి. తన చేతులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి ఆఫీసంతా శుభ్రంగా ఉందనుకునేవాడు. ఇలాంటి అధికారి దొరికితే జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే తప్పు చేయడం చాలా సుఖంగా ఉంటుంది.

కూటాల్లో లేచి నిలబడ్డాను

నేను పుట్టు క్రైస్తవుణ్ణి. బాప్తిస్మం తీసుకున్నాను, ఆదివారం తప్పకుండా గుడికి పోయేవాణ్ణి, కానుక పళ్ళెం వస్తే కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు కూర్చునేవాణ్ణి కూడా. ఒక ఎండాకాలం మా ఊళ్ళో మూడు రోజులు ఉజ్జీవ కూటాలు పెట్టారు. ఆఖరి రోజు ప్రసంగీకుడు, ఈ రోజు నుంచి నీతిగా బతకాలని తీర్మానించుకున్నవాళ్ళు లేచి నిలబడండి అన్నాడు. నేను లేచాను. మా ఆవిడ సలోమి మోచేత్తో పొడిచిందని తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు. పొడిచిన మాట నిజమే, అయితే అప్పటికే నేను సగం లేచి ఉన్నాను.

లేచినప్పుడు నా మనసులో ఉన్న పాపాలు రెండే, చుట్ట, పేకాట. ఆ రెండూ వదిలేస్తే నీతిమంతుణ్ణయిపోతానని ధైర్యంగానే ఉన్నాను. ప్రసంగీకుడు నా నెత్తిన చెయ్యి పెట్టి, "ఏం ఉద్యోగం చేస్తావు?" అని అడిగాడు. కోర్టులో రిపోర్టులు రాస్తానన్నాను. "అయితే వీడి చేతిని నిజానికి ప్రతిష్ఠించు ప్రభువా" అని గట్టిగా ప్రార్థించాడు. ఆయన నోటికొచ్చింది ఆయన అన్నాడు. నాకు మాత్రం చెయ్యి మీద వేడినీళ్ళు పడ్డట్టయింది.

మర్నాడు మస్తాన్ కొట్టులో కూర్చుని 'ఇంటి తలుపునకు' దాకా రాసి ఆగిపోయాను. కలం ముందుకు సాగలేదు. కోటయ్యన్న నా వైపు వింతగా చూసి, ఇంకు అయిపోయిందేమోనని తన కలం ఇచ్చాడు.

నిజం రిపోర్టులు

ఆ రోజు నుంచి నేను ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాను. మొదటి నెలలోనే చెప్పులు అరిగాయి. సమన్లు ఇవ్వడానికి నిజంగా వెళితే ఎన్ని జరుగుతాయో అప్పుడు గానీ నాకు తెలియలేదు. జరిగింది జరిగినట్టు రాయాలన్న పట్టుదల మీద ఉన్నాను కాబట్టి అన్నీ రాసేవాణ్ణి.

వెల్దుర్తి దగ్గర ఒకాయన గురించి ఇలా రాశాను: 'ప్రతివాది ఇంట్లోనే ఉన్నాడు. తాను ఇంట్లో లేనని తలుపు సందులోంచి తానే చెప్పాడు. ఎప్పుడొస్తారని అడగగా, తాను ఎప్పుడొస్తాడో తనకు తెలియదన్నాడు.'

ఇంకొకటి: 'ప్రతివాది నన్ను చూసి కందిచేలో పడి పరిగెత్తాడు. నేనూ పరిగెత్తాను. వయసు అరవై అని చెప్పారు గానీ అలా అనిపించలేదు.'

నాజరు గారు ఆ కాగితాలు నా బల్ల మీదకు విసిరారు. "రిపోర్టు రాయమంటే కథలు రాస్తన్నావేందయ్యా. ఇల్లు, తలుపు, అంటించితిని. మూడు ముక్కలు. నీకేం వొచ్చింది?"

"మారుమనసు వొచ్చిందండి" అన్నాను.

"సెలవు పెట్టుకో, తగ్గుద్ది" అన్నారాయన.

కొత్తగా వచ్చిన మునసబు గారికి మాత్రం నా రిపోర్టులు నచ్చాయి. యువకుడు, మాట తక్కువ. కందిచేను రిపోర్టు చదివి మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడని బెంచి గుమస్తా చెప్పాడు. దాంతో నాకు కొమ్ములొచ్చాయి. కోర్టు మొత్తంలో నిజం రాసేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ, కోటయ్యన్నను చూసి జాలిపడుతూ తిరిగాను. పాత పాపాలన్నీ దేవుడు క్షమించేశాడని గట్టి నమ్మకం. ఆయన క్షమించినవి రికార్డు రూములో సీరియల్ నంబర్లతో భద్రంగా ఉన్నాయన్న సంగతి నాకు తట్టలేదు.

బీబమ్మ

ఏడాది తిరక్కుండా ఒక పిటిషన్ వచ్చింది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దగ్గర బీబమ్మ అనే విధవరాలు ఉంది. బట్టీలో రాయి మోసి బతికే మనిషి. ఆమె గుడిసె ఉన్న స్థలం తనదేనని పక్క బట్టీ యజమాని దావా వేశాడు. సమన్లు అందినా ఆమె కోర్టుకు రాలేదని రాసుకుని, ఆమె మాట వినకుండానే అతనికి డిక్రీ ఇచ్చేశారు. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయమని మనుషులు వచ్చేసరికి ఆమెకు సంగతి తెలిసింది. తనకు కాగితమే అందలేదనీ, తన మాట వినమనీ అర్జీ పెట్టుకుంది.

ఆ కాగితం అందజేసినట్టు రిపోర్టు రాసింది నేను. కూటాలకు ముందు, మస్తాన్ కొట్టులో. 'ఇంటి తలుపునకు అంటించితిని.' నా దస్తూరి ముత్యాల్లా ఉంది.

నన్ను సాక్షిగా పిలుస్తారని తెలియగానే, చూడని ఇంటిని చూసొద్దామని పిడుగురాళ్ల బస్సెక్కాను. బట్టీల దగ్గర తెల్లటి దుమ్ములో ఒక ముసలామె కూర్చుని మేకకు తుమ్మకాయలు పెడుతోంది. బీబమ్మ ఇల్లెక్కడని అడిగాను.

"నేనే బీబమ్మని. ఇదే ఇల్లు" అంది.

నాపరాళ్ళు పేర్చిన గోడలు, పైన తాటాకు. గుమ్మానికి రెండు గోనెసంచులు కలిపి కుట్టి వేలాడదీసింది. తలుపు లేదు. తలుపు చెక్క లేదు, గడియ లేదు, ఒకప్పుడు ఉండేదన్న గుర్తు కూడా ఎక్కడా లేదు.

కోర్టు నుంచి వచ్చానన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"మీవోళ్ళు ముందే వొచ్చి కాగితం అంటించి పొయ్యారంట గదా. రాసుందంట. నేను బట్టీకి పోయుంటా" అంది.

"నువ్వు చూళ్ళేదా పెద్దమ్మా?"

"చూస్తే రానా నాయనా? ఈ గోనెకి అంటించుంటారు. ఇది తినేసుంటది." మేక వైపు చూపించింది. "ఆ సంగతి తెలిసినకాణ్ణుంచి దీన్ని తిట్టని తిట్టు లేదు. రెండు సార్లు కట్టేసి కొట్టా. నా ఇల్లు తినేసినావు గదే అని."

నీళ్ళు తాగి చెంబు తిరిగిచ్చాను. సర్కారు కాగితంలో ఉంది కాబట్టి అది నిజమే అయి ఉంటుందనుకుంది ఆ మనిషి. తన కళ్ళ కన్నా నా దస్తూరిని ఎక్కువ నమ్మింది. మేక నన్నే చూస్తోంది. నేను ఏమీ చెప్పకుండా బస్సెక్కాను. అది కూడా ఇక్కడ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

తలుపుందని చెప్పు

తర్వాతి వారం అంతా నాకు సలహాలే. బట్టీ యజమాని ప్లీడరు గారు వరండాలో పక్కకు పిలిచి భుజం మీద చెయ్యేశారు. "అప్పుడు తలుపుంది, ఇప్పుడు లేదు. పీకి పొయ్యిలో పెట్టుకుందేమో. నీకేం తెలుసు? నువ్వు చూసిననాడు ఉంది, అంతే."

నాజరు గారు ఇంకా సూటిగా చెప్పారు. "నిజం చెప్పావంటే ముందు సస్పెన్షను, ఆ పైన కేసు. నీ పిల్లల మొహం చూసుకో. ఒక చెక్క తలుపు గురించి ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

కోటయ్యన్న మాత్రం, "నన్ను మాత్రం లాగమాక తమ్ముడూ" అన్నాడు.

పాస్టరు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన భయస్థుడు. మోకరించి అరగంట ప్రార్థన చేశారు. దేశ నాయకుల కోసం, వర్షాల కోసం, రోగుల కోసం ప్రార్థించారు. తలుపు ప్రస్తావన రాలేదు. లేచాక, "ఆత్మ ఎట్టా నడిపిస్తే అట్టా చెయ్యి" అన్నారు. అంటే తనను అడగొద్దని అర్థం.

ఇంటికొచ్చి సలోమికి మొత్తం చెప్పాను. అన్నం కలుపుతున్నదల్లా చెయ్యి ఆపింది.

"ఉద్యోగం పోద్ది" అన్నాను.

"పోద్ది."

"పిల్లల చదువులు?"

"ఏమయ్యా, కూటాల్లో నువ్వు లేచినావని ఈ ఊళ్ళో ఇంటింటికీ పోయి చెప్పింది నేను. ఇప్పుడు నన్ను అబద్ధాలదాన్ని చెయ్యమాక" అంది. అని, కంచం ముందే కూర్చుని ఏడ్చింది. ధైర్యం చెప్పినవాళ్ళు ఏడవరని ఎవరైనా అంటే నమ్మొద్దు.

బోను

కోర్టు బోను ఎక్కడం నాకు కొత్త కాదు. ఇంతకుముందెప్పుడూ అది అంత ఎత్తుగా అనిపించలేదు. ప్రమాణం చేశాను. ఎదురుగా బెంచీ మీద బీబమ్మ, తెల్లటి దుమ్ము పట్టిన చీరలోనే కూర్చుని ఉంది.

"ఈ రిపోర్టు నీదేనా?" అని మునసబు గారు అడిగారు.

"నాదేనండి."

"ఆ ఇంటి తలుపుకు అంటించావా?"

"లేదండి. ఆ ఇంటికి తలుపు లేదు. ఉన్నా అంటించేవాణ్ణి కాదు. ఆ రోజు నేను పిడుగురాళ్ల వెళ్ళలేదు. టీ కొట్టులో కూర్చుని రాశాను."

ప్లీడరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాజరు గారు పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. అప్పుడే బెంచీ మీద నుంచి బీబమ్మ గొంతు వినిపించింది.

"అయితే మా మేక తినలేదా?"

జనం ఘొల్లుమన్నారు. మునసబు గారు నవ్వలేదు. "లేదమ్మా. మేక తప్పేం లేదు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇలాంటివి ఇంకెన్ని రాశావు?" అని అడిగారు.

ఒక్క నిజానికే తయారై వచ్చాను నేను. ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. "లెక్క తెలియదండి. రికార్డు రూములోకి పంపిస్తే నా దస్తూరి చూసి ఏవి అబద్ధమో చెబుతాను" అన్నాను.

ఆ సాయంత్రమే సస్పెండయ్యాను. బీబమ్మ మీద ఇచ్చిన డిక్రీ కొట్టేసి, దావా మళ్ళీ మొదటి నుంచి నడిపారు. స్థలం చివరికి ఆమెకే మిగిలింది. చాలా నెలల తర్వాత నాకు శిక్ష వేసి మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. మధ్యలో రికార్డు రూములో కూర్చుని నా పాత రిపోర్టులు ఒక్కొక్కటీ తీసి ఇచ్చాను. కొన్నిటిలో బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. ఆ మనుషుల పేర్లు నాకిప్పటికీ గుర్తున్నాయి.

సాక్ష్యం చెప్పిన ఆ రోజు బోను దిగి వరండాలోకి రాగానే బీబమ్మ నా దారికి అడ్డంగా నిలబడింది. క్షమిస్తుందనుకున్నాను. ఎడాపెడా తిట్టింది. "మా ఇంటికొచ్చి నా చెంబుతో నీళ్ళు తాగి కూడా చెప్పలేదు గదరా నువ్వు. ఆ మేకకి పడ్డ దెబ్బలు నీకు పడాల్సినయ్" అంది. నేను తల వంచుకుని నిలబడ్డాను, అందరూ చూస్తుండగానే.

సాక్ష్యం

సస్పెన్షన్లో పని లేదు. మా సంఘంలో నన్ను లేపి సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. అమ్మలక్కలు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరు గారు, తాను ప్రార్థించబట్టే ఇదంతా జరిగిందని చివర్లో ఒక మాట కలిపారు. తర్వాత పక్క ఊరి సంఘం పిలిచింది, ఆ తర్వాత దాని పక్క ఊరు. ఎక్కడికి పోయినా దండ, పిండివంటలతో భోజనం. ఉద్యోగంలో ఉండగా ఏ ఊళ్ళోనూ నాకు దొరకని మర్యాద ఇది.

కొత్తగా ఉద్యోగంలో చేరే అమ్మాయికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. లంచం అడిగేవాడి దగ్గర, బెదిరించేవాడి దగ్గర జాగ్రత్తగానే ఉంటావు. నిన్ను మెచ్చుకునేవాళ్ళ దగ్గరే ఒళ్ళు తెలియదు. నాకు తెలియలేదు. రెండో ఊళ్ళో మునసబు గారి కళ్ళు చెమ్మగిల్లాయని చెప్పాను. మూడో ఊళ్ళో ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. నాలుగో ఊరికి బీబమ్మ తిట్లు పోయి, కన్నీళ్ళతో నా కాళ్ళ మీద పడబోయింది, నేను వారించి లేవనెత్తాను. ఇవన్నీ కావాలని కల్పించలేదు. చెబుతుంటే వాటంతటవే వచ్చాయి, జనం స్తోత్రం అన్న కొద్దీ ఇంకా వచ్చాయి.

ఐదో ఊరు పిడుగురాళ్ల. బట్టీల్లో పనిచేసేవాళ్ళు కట్టుకున్న చిన్న గుడి. సాయంత్రం పని దిగి, తెల్లటి దుమ్ముతోనే వచ్చి చాపల మీద కూర్చున్నారు. నేను ఊపందుకున్నాను. "ఆ తల్లి పరిగెత్తుకుంటూ వచ్చి నా కాళ్ళ మీద పడింది. లేమ్మా, ఈ మహిమ నాది కాదు, దేవుడిది అన్నాను" అని చేతులు చాపాను.

"నేనెప్పుడు పడ్డానబ్బాయ్?"

ఆడవాళ్ళ వైపు చివరి వరసలో, తోటి కూలీల మధ్య బీబమ్మ కూర్చుని ఉంది. తన సంగతి చెబుతున్నారంటే విందామని వాళ్ళతో పాటు వచ్చిందట. లేచి నిలబడింది.

"నేను తిట్టాను గదా నిన్ను. అందరి ముందరా తిట్టాను. అది చెప్పవేంది? కోర్టులో నిజం చెప్పావు, నేను కాదన్లేదు. చేసిన తప్పు ఒప్పుకున్నావు, అంతే. దానికి నేను నీ కాళ్ళ మీద పడేదేంది?"

ఎవరూ స్తోత్రం అనలేదు. ఆ గుడి పాస్టరు పాటల పుస్తకంలో పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. కోర్టు బోనులో నా ఉద్యోగం పోతుందని వణికాను గానీ, అప్పుడు నాకు సిగ్గు వేయలేదు, లోలోపల కొంచెం గర్వంగానే ఉంది. ఇక్కడ మెడలో దండతో నిలబడి, పోయేది ఏమీ లేకపోయినా, భూమిలోకి కుంగిపోవాలనిపించేంత సిగ్గు వేసింది. దండ తీసి పక్కన పెట్టాను.

"బీబమ్మ చెప్పిందే నిజం" అన్నాను. "ఆమె నా కాళ్ళ మీద పడలేదు. నన్ను తిట్టింది. ఆ తిట్లకు తగినవాణ్ణే. మునసబు గారు కూడా ఏడవలేదు. నన్ను సస్పెండు చేసి, తర్వాతి కేసు పిలిచారు. వెనక మూడు ఊళ్ళలో కూడా ఇట్లాగే కలిపి చెప్పాను. రేపటి నుంచి ఆ ఊళ్ళకు పోయి అది సరిచేసి వస్తాను."

ఇంకా ఏమన్నా మిగిలిందేమోనని ఆమె వైపు చూశాను.

"మిగతాదంతా నిజమేలే" అంది. "ఇంక కూర్చో."

కూర్చున్నాను.